ముందుగదిలో మీ ప్రాక్టీసు

బీరువాలో పట్టుచీరల అడుగున, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా వుంటుంది బి.కాం. పట్టా. పెళ్ళయిన కొత్తల్లో ఒకటి రెండు ఇంటర్వ్యూల కోసం బయటికి తీసిందే. ఆ తర్వాత పిల్లలు, అత్తమామలు, ఆయనగారి బదిలీలు... ఇప్పుడు పిల్లలు హైస్కూలుకొచ్చారు. పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా ఇల్లు ఖాళీ. "ఏదైనా ఉద్యోగం చూసుకోరాదూ?" అంటారు చుట్టుపక్కలవాళ్ళు. తొమ్మిదింటికి వెళ్ళి రాత్రి ఏడింటికి వచ్చే ఉద్యోగానికి ఇల్లు ఒప్పుకోదు. ఇల్లు ఒప్పుకున్నా, పదేళ్ళు ఖాళీగా వున్న మనిషిని పిలిచి కుర్చీ వేసేవాళ్ళు తక్కువ.

పచ్చళ్ళు, టైలరింగ్, ట్యూషన్లు... ఇంటిపట్టున సంపాదన అనగానే అందరూ చెప్పేవి ఇవే. వాటిని తక్కువ చెయ్యడం కాదుగానీ, కామర్సు చదివినావిడ ఆ కామర్సుతోనే సంపాదించుకునే దారి ఒకటుంది. ప్రాక్టీసు అనేది డాక్టర్లకీ లాయర్లకీ మాత్రమే చెల్లే మాట కాదు. ముందుగదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు పెట్టుకుని చిన్న దుకాణాలవాళ్ళకి జి.ఎస్.టి., ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్నులు వేసిపెట్టడం కూడా ప్రాక్టీసే. దీనికి పెట్టుబడి తక్కువ. కావలసిందల్లా చదువు, ఓపిక, తారీఖులు మర్చిపోని అలవాటు. పాలవాడి లెక్క, చీటీపాట లెక్క, స్కూలు ఫీజుల గడువు ఇన్నేళ్ళుగా బుర్రలోనే మోస్తున్న మనకి మూడోది కొత్తగా నేర్పక్కర్లేదు లెండి.

పని ఎక్కడుంది?

2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చింది. అప్పటి నుంచి రిజిస్ట్రేషన్ వున్న ప్రతి వ్యాపారీ గడువు ప్రకారం రిటర్ను వెయ్యాల్సిందే. ఆ నెల ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా 'నిల్' రిటర్ను వెయ్యాలి. ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, నిల్ రిటర్నుకైతే రోజుకి 20 రూపాయలు లేటు ఫీజు. కట్టాల్సిన పన్ను వుంటే దానిమీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ అదనం. పొద్దున్నించి రాత్రి దాకా కౌంటర్లో కూర్చునే కిరాణా షావుకారుకీ, హార్డ్‌వేర్ షాపాయనకీ ఈ గొడవంతా చూసుకునే తీరిక వుండదు. పెద్ద ఆఫీసులకి వెళితే ఈ చిన్న షాపుల ఫైలు అడుగున పడిపోతుంది. అక్కడే మీకు చోటుంది.

వస్తువులు అమ్మేవాళ్ళకి రిజిస్ట్రేషన్ ఎప్పుడు తప్పనిసరి అన్నది మన రెండు రాష్ట్రాల్లో ఒకేలా లేదు. ఏడాది అమ్మకాలు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు దాటితే, తెలంగాణలో 20 లక్షలు దాటితే తీసుకోవాలి. సేవలు అందించేవాళ్ళకి రెండుచోట్లా 20 లక్షలే. ఇక్కడ ఇంకో మెలిక వుంది. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే, చేతివృత్తుల వస్తువుల్లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఈ పరిమితులు వర్తించవు. మొదటి అమ్మకం నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి బెంగళూరుకీ చెన్నైకీ చీరలు పంపించే ఆడవాళ్ళు మీ వీధిలోనే వుంటారు. వాళ్ళల్లో చాలామందికి ఈ సంగతి తెలీదు. మగవాళ్ళ ఆఫీసుకి వెళ్ళి అడగడానికి మొహమాటపడే ఇలాంటివాళ్ళే మీ దగ్గరికి ముందుగా వస్తారు.

2025 సెప్టెంబరు 22న రేట్లు మారిన సంగతి మనం సరుకుల బిల్లులోనే చూశాం. తలనూనె, షాంపూ, టూత్‌పేస్టు 18 శాతం నుంచి 5 శాతానికి, నెయ్యి 12 నుంచి 5కి దిగాయి. అలాంటి మార్పు వచ్చిన ప్రతిసారీ షాపులో పాత సరుకుకి ఏ రేటు వెయ్యాలి, బిల్లింగ్ మిషన్లో ఎక్కడ మార్చాలి అని అడగడానికి షావుకారుకి ఒక మనిషి కావాలి.

పట్టా మీద పేరు, పాన్ మీద పేరు

క్లయింటు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తీసుకుని రిటర్నులు వేసిపెట్టేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ వున్నారు. అలా చేస్తే మీరు ఎన్నేళ్ళు పనిచేసినా మీ పేరు ఎక్కడా వుండదు. అందుకని జి.ఎస్.టి. ప్రాక్టీషనరుగా నమోదు చేసుకోవడం మంచిది. కామర్సు, లా, బ్యాంకింగ్, బిజినెస్ అడ్మినిస్ట్రేషన్లలో డిగ్రీ వున్నవాళ్ళు అర్హులు. జి.ఎస్.టి. పోర్టల్‌లో పి.సి.టి.-01 అనే ఫారం నింపాలి. దానికి ఫీజేమీ లేదు. నమోదయ్యాక మీకు విడిగా లాగిన్ వస్తుంది. ఫలానా ఆవిడ నా తరఫున రిటర్నులు వేస్తారని క్లయింటు పోర్టల్‌లో ఒప్పుకుంటే, ఆయన పాస్‌వర్డుతో పనిలేకుండా మీ లాగిన్ నుంచే పని జరుగుతుంది.

నమోదైన రెండేళ్ళలోపు పరీక్ష పాసవ్వాలని నిబంధనల్లో వుంది. ప్రశ్నలు వంద, అన్నీ సరైన జవాబు గుర్తించే రకం. సగం మార్కులొస్తే పాస్. ఈ పరీక్ష నిర్వహించేది నేసిన్ అనే జాతీయ శిక్షణ సంస్థ. ఆ సంస్థ కొత్త ప్రాంగణం మన శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రం దగ్గరే వుంది, 2024 జనవరిలో ప్రారంభమైంది. అయితే పరీక్ష కంప్యూటరు మీద ఆయా పరీక్ష కేంద్రాల్లోనే రాస్తారు కాబట్టి అంత దూరం వెళ్ళక్కర్లేదు. పరీక్ష తేదీలు, అప్పటికి అమల్లో వున్న నిబంధనలు దరఖాస్తుకి ముందు పోర్టల్‌లో ఒకసారి చదువుకోండి.

అసలు చిక్కు ఇక్కడ కాదు, పేరు దగ్గర వస్తుంది. పట్టా మీద పుట్టింటి ఇంటిపేరు, ఆధార్ మీద అత్తింటి ఇంటిపేరు, పాన్ మీద పొడి అక్షరాలు. ఇది మన ఆడవాళ్ళందరి బాధే. ఫారం నింపేముందే పాన్, ఆధార్ ఒకేలా వుండేట్టు సరిచేయించుకోండి. పట్టాలో పేరు వేరుగా వుంటే పెళ్ళి సర్టిఫికెట్టు సిద్ధంగా పెట్టుకోండి. మీరు ఏ ఇంటిపేరుతో ప్రాక్టీసు చెయ్యాలనుకుంటున్నారో ఇప్పుడే తేల్చుకుంటే నయం. పదిమంది క్లయింట్లు వచ్చాక మార్చడం తలనొప్పి.

ఇంకో మాట. మన ఊళ్ళల్లో పన్నుల పని చేసే ప్రతివాళ్ళనీ "ఆడిటరు గారూ" అంటారు. నోటిమాటగా వాళ్ళంటే అననివ్వండి, బోర్డు మీద మాత్రం ఆ మాట వద్దు. టాక్స్ ఆడిట్ మీద సంతకం పెట్టే అధికారం చార్టర్డ్ అకౌంటెంట్లకే వుంది. 'జి.ఎస్.టి. ప్రాక్టీషనర్' అని మీ పేరు కింద రాసుకుంటే చాలు. అందులో చిన్నతనమేమీ లేదు.

ముందు ఒక ఏడాది ఇంకొకరి బల్ల దగ్గర

పట్టా వుందిగదా అని మర్నాడే బోర్డు తగిలించడం తొందరపాటు. పదేళ్ళనాటి బి.కాం.లో జి.ఎస్.టి. లేదు, చాలామందికి కంప్యూటరు అకౌంటింగ్ కూడా లేదు. దగ్గర్లో ఒక చార్టర్డ్ అకౌంటెంటు ఆఫీసులోనో, పాత టాక్స్ ప్రాక్టీషనరు దగ్గరో సగం పూట పనికి కుదరండి. జీతం తక్కువిస్తారు, ఇవ్వనివ్వండి. బిల్లుల కట్ట విప్పి కొనుగోళ్ళు, అమ్మకాలు వేరుచెయ్యడం, చిట్టా చూసి ఆవర్జా సరిపెట్టడం, పోర్టల్‌లో కనబడే క్రెడిట్టుకీ షాపు కొనుగోళ్ళకీ తేడా ఎందుకొచ్చిందో పట్టుకోవడం, ఇవన్నీ పుస్తకంలో రావు. కనీసం ఒక పూర్తి సంవత్సరం వుంటే రిటర్నులు, సవరణలు, ఏడాది చివరి లెక్కలు, జూన్ జులైలలో ఇన్‌కమ్‌ట్యాక్స్ హడావిడి అన్నీ ఒకసారి చేతిమీదుగా వెళతాయి. వచ్చేసేటప్పుడు అక్కడి క్లయింట్లని వెంటతీసుకురావద్దు. ఊరు చిన్నది. ఆ పేరు మీకంటే ముందు నడుస్తుంది. పైగా మీకు చిక్కు వచ్చినప్పుడు ఫోను చేసి అడగగలిగే మనిషి ఆ సారే.

ఫీజు అడగడం

కంప్యూటరు కొనడం కష్టం కాదు, పరీక్ష కూడా కష్టం కాదు. చాలా ప్రాక్టీసులు ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే.

పక్కింటి పిన్నిగారు వస్తారు. "మా అబ్బాయి ఇన్‌కమ్‌ట్యాక్స్ ఏదో వెయ్యాలటమ్మా, నువ్వు ఇంట్లోనే వుంటావుగా, ఓ పది నిమిషాలు చూడు" అంటారు. మీరు కాదనలేరు. పది నిమిషాలు రెండు గంటలవుతుంది. ఓటీపీ కోసం అబ్బాయికి నాలుగుసార్లు ఫోను, ఫారం 16 దొరకదు, బ్యాంకు వడ్డీ చెప్పడు. అంతా అయ్యాక పిన్నిగారు ఒక గిన్నెలో గారెలు పంపిస్తారు. గారెలు బాగానే వుంటాయి. కానీ మర్నాడు పిన్నిగారి చెల్లెలు వస్తుంది, ఆ తర్వాత ఆడపడుచుగారి తోటికోడలు. జులై నెలాఖరుకి మీరు పాతికమందికి పనిచేసి వుంటారు, చేతిలో ఖాళీ గిన్నెలుంటాయి. "ఈవిడకి పెద్దగా ఏం వుందిలే, ఇంట్లో కూర్చుని ఏదో చేస్తుంది" అన్న మాట కూడా ఆ గిన్నెలతోపాటే వస్తుంది.

ఉచితంగా చేసిన పనికి విలువ వుండదు అన్న పాత మాట సంగతి అలా వుంచండి. ఇందులో లెక్క వుంది. ఉదాహరణకి, పదిహేను షాపులకి నెలకి 500 రూపాయల చొప్పున చేస్తున్నారనుకోండి. 7,500 వస్తుంది. బిల్లులు తెప్పించుకోవడం, ఎక్కించడం, ఫోన్లు, ఫైలింగ్ కలిపి ఒక్కో షాపుకి నెలకి నాలుగు గంటలు పడుతుంది. మొత్తం 60 గంటలు. ఇంటర్నెట్, ప్రింటింగ్, ఆటో, కరెంటు కలిపి 1,500 తీసేస్తే మిగిలేది 6,000. అంటే గంటకి వంద రూపాయలు. ఇప్పుడు మీ ఊళ్ళో ఒక ట్యూషను టీచరుకి గంటకెంత వస్తుందో పక్కన వేసి చూసుకోండి. ఈ అంకెలు లెక్క చూపించడానికి వేసినవే. మీ ఊరి రేటు మీరే కనుక్కోవాలి. కనుక్కున్నాక అందరికంటే తక్కువకి చేస్తానని మొదలుపెట్టకండి. తక్కువ ఫీజుతో వచ్చినవాళ్ళు ఇంకా తక్కువ చెప్పినవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతారు.

షాపుకింత అని కాకుండా బిల్లుల సంఖ్యని బట్టి ఫీజు పెట్టడం న్యాయం. నెలకి ముప్ఫై బిల్లుల షాపూ మూడువందల బిల్లుల షాపూ ఒకటి కావు. నెలవారీ రిటర్నులకి ఒక ఫీజు, కొత్త రిజిస్ట్రేషనుకి ఒకసారి ఫీజు, నోటీసు వస్తే జవాబుకి విడిగా ఫీజు. ఈ మూడోది ముందే చెప్పకపోతే నోటీసుల పనంతా నెల ఫీజులోనే కలిసిపోతుంది. ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, మొదటిరోజే క్లయింటు చేత సంతకం పెట్టించుకోండి. బిల్లులు ఏ తారీఖులోగా పంపాలో కూడా అందులోనే వుండాలి. గడువు దాటాక తెచ్చిన బిల్లుకి లేటు ఫీజు ఎవరు కట్టాలన్న తగాదా అప్పుడు రాదు.

మరి బంధువుల సంగతి? బాబాయిగారి దగ్గరా, అత్తగారి వైపువాళ్ళ దగ్గరా పూర్తి ఫీజు అడగలేమంటారు. అడగక్కర్లేదు. పేర్లు రాసి ఒక జాబితా పెట్టుకోండి, అమ్మానాన్న, అత్తమామలు, తోబుట్టువులు... ఎనిమిదో పదో పేర్లు. వాళ్ళకి ఉచితం. ఆ జాబితాలో లేనివాళ్ళకి రసీదు పుస్తకం తీయాల్సిందే. "ఇది నా ఆఫీసు పని పిన్నిగారూ, ఫీజు ఇంత అవుతుంది" అని మొదటిసారి అనడానికి నోరు రాదు. రెండోసారి వస్తుంది. ఆ రసీదు పుస్తకం చూసినరోజు నుంచే ఇంట్లోవాళ్ళు కూడా "నువ్వెలాగూ ఖాళీయేగా" అనడం తగ్గిస్తారు.

క్లయింటు "పన్నూ ఫీజూ కలిపి మీ అకౌంట్లో వేసేస్తానండీ, మీరే కట్టెయ్యండి" అంటే మాత్రం ఒప్పుకోకండి. చలానా తీసి ఆయన చేతికివ్వండి, పన్ను ఆయన బ్యాంకు నుంచే వెళ్ళాలి. మీ అకౌంట్లోకి మీ ఫీజు ఒక్కటే రావాలి. దానికోసం ఇంటి ఖాతాతో కలవకుండా, మీ ఒక్కరి పేరున విడిగా ఒక ఖాతా తెరవండి.

పదకొండు, పదమూడు, ఇరవై

క్యాలెండరు మీద ఈ తారీఖుల చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రం చుట్టుకోండి. నెలనెలా వేసేవాళ్ళకి అమ్మకాల రిటర్ను మర్నెల 11కి, పన్ను కట్టే రిటర్ను 20కి. మూడునెలలకోసారి వేసేవాళ్ళకి అవే 13కి, మన రెండు రాష్ట్రాలకీ 22కి. మీ క్లయింటు 11న అమ్మకాలు చూపించకపోతే, ఆయన దగ్గర సరుకు కొన్న షాపుకి ఆ నెల క్రెడిట్టు కనబడదు. ఆ షాపాయన ఈయన్ని అడుగుతాడు, ఈయన మిమ్మల్ని అడుగుతాడు. అందుకే ఒక్కరోజు ఆలస్యం కూడా పెద్ద మాటవుతుంది.

ఈ తారీఖులకి పండగలతో పనిలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూడునెలల అమ్మకాల రిటర్ను గడువు జనవరి 13. అంటే భోగికి అటూ ఇటూగా! అరిసెల పాకం పొయ్యి మీద, పోర్టల్ కంప్యూటరు మీద, రెండూ ఒకేసారి చూడలేం. జనవరి 8 కల్లా ముగించేస్తానని క్లయింట్లకి డిసెంబరులోనే చెప్పాలి. ఇంట్లో కూడా చెప్పాలి. నెలకి ఆ పది పన్నెండు రోజులు వంట తేలిగ్గా వుంటుందని, ఆ రోజుల్లో చుట్టాల్ని పిలవొద్దని. మిగతా పద్ధెనిమిది రోజులు ఇల్లు మామూలుగానే నడుస్తుంది. గదికి తలుపుండడం, ఫోనుకి వేరే నంబరుండడం ఈ మాటకి బలాన్నిస్తాయి.

సంతకం మీది

మొదటి ఏడాదిలోనే ఎవరో ఒకరు అడుగుతారు. "ఫలానా ఆయన అయితే యాభైవేలు రిఫండు తెప్పించాడట, మీరూ అలా ఏదైనా చూడండి" అని. ఇవ్వని విరాళం, కట్టని ఇంటద్దె, లేని బీమా చూపించి రిఫండు తెప్పించి, అందులో వాటా తీసుకునే ఏజెంట్లున్నారు. 2025 జులైలో ఇన్‌కమ్‌ట్యాక్స్ శాఖ ఇలాంటివాళ్ళ మీద దేశంలో 150 చోట్ల సోదాలు చేసింది. తప్పుడు వివరాలిచ్చి పన్ను తగ్గించుకుంటే ఆ తగ్గిన పన్నుకి రెండు రెట్లు జరిమానా పడుతుంది. అది క్లయింటుకి. రిటర్ను వేసింది ఎవరని అడిగినప్పుడు మీ పేరు చెబుతాడు. తప్పుడు పని చేశారని తేలితే జి.ఎస్.టి. ప్రాక్టీషనరు నమోదునీ రద్దుచేసే అధికారం ఆఫీసర్లకుంది.

ఇంకొక ప్రమాదం ఆడవాళ్ళకే ఎక్కువ. "మీ పాన్, ఆధార్ ఇవ్వండమ్మా, మీ పేరుమీద ఒక రిజిస్ట్రేషన్ తీసుకుంటాం, నెలకింత ఇస్తాం" అని తియ్యగా అడుగుతారు. సరుకు లేకుండా బిల్లులు మాత్రమే అమ్మేవాళ్ళకి ఇలాంటి పేర్లు కావాలి. నోటీసు వచ్చేనాటికి వాళ్ళుండరు, చిరునామా మీ ఇంటిది. దగ్గరి బంధువు అడిగినా, మధ్యలో మీవారు చెప్పినా ఇవ్వొద్దు.

మీ లెక్క కూడా

మీ ఫీజులు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మీకు జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇన్‌కమ్‌ట్యాక్స్‌లో అకౌంటెన్సీలాంటి వృత్తులకి ఒక సులువైన పద్ధతి వుంది. ఫీజులు 50 లక్షలలోపుంటే, వచ్చినదాంట్లో సగం ఆదాయంగా చూపిస్తే చాలు, ఖర్చుల రసీదులు దాచక్కర్లేదు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కాబట్టి మొదట్లో మీరు కట్టేదేమీ వుండకపోవచ్చు. అయినా రిటర్ను వెయ్యండి. రేపు మీ పేరున బ్యాంకు అప్పు కావాలంటే మీ ఆదాయానికి సాక్ష్యం అదే. రాష్ట్రానికి కట్టే వృత్తి పన్ను సంగతి కూడా కనుక్కోండి. ఎంతైనా అది ఏడాదికి 2,500 దాటదు. ఉద్యం రిజిస్ట్రేషన్ కావాలంటే ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగానే వస్తుంది. వేలు అడిగేవాళ్ళకి ఇవ్వకండి.

ఇక చివరగా మిగిలేది ఆయనగారి బదిలీ. టైలరింగ్ అయినా ట్యూషన్లయినా ఊరు మారితే మళ్ళీ మొదటినుంచే. ఇందులో ఆ బెంగ లేదు. ఒక రాష్ట్రంలో నమోదైన జి.ఎస్.టి. ప్రాక్టీషనరుని మిగతా రాష్ట్రాల్లోనూ నమోదైనట్టే చూస్తారు. బిల్లుల ఫోటోలు ఫోన్లోనే వస్తాయి, రిటర్ను ఎక్కడ కూర్చుని వేసినా ఒకటే. సామాను లారీ ఎక్కించేరోజు పదకొండో తారీఖు కాకుండా చూసుకోండి, కొత్త ఇంటికి చేరాక పోర్టల్‌లో అడ్రసు మార్చుకోండి, బోర్డు మాత్రం మీ చేతిసంచీలో పెట్టుకుని వెళ్ళండి.